ప్యాచ్ వేయగానే 403లు

వెబ్ సర్వర్ లాగ్ నిండా 403లే, అంటే "అనుమతి లేదు" అని సర్వర్ తిప్పికొట్టినవే. సర్వర్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ (ప్యాచ్) వేసి పావుగంట కూడా కాలేదు, అప్పుడే "పేజీ తెరుచుకోవట్లేదు" అని ఫోన్లు.

చూస్తే అన్నీ ఒకే రకం లింకులు. ప్రశ్నార్థకం గుర్తు ఎన్‌కోడ్ అయి, అంటే %3f అనే కోడ్‌గా మారి వస్తోంది, మా పాత రీరైట్ రూలు (వచ్చిన అడ్రసును ఇంకో అడ్రసుగా మార్చేది) దాన్ని పట్టుకెళ్లి కొత్త అడ్రసులో పెడుతోంది. ప్యాచ్ వచ్చిందే ఆ దొడ్డిదారి మూయడానికి. మా రూలు ఇన్నాళ్లూ నడిచింది అందులోంచే!

"అన్నా, పాత వెర్షన్‌కి వెళ్లిపోదామా?" అన్నాడు పక్క సీటు కుర్రాడు. వద్దన్నాను. ప్యాచ్ బయటికొచ్చిందంటే లొసుగు ఎక్కడుందో అందరికీ తెలిసిపోయినట్టే. కూర్చుని రూలే మార్చాం.

2021 అక్టోబరు గుర్తుందా? అపాచీ అనే వెబ్ సర్వర్ 2.4.49 వెర్షన్‌లో, అడ్రసులోని చుక్కల్ని ఎన్‌కోడ్ చేసి పంపితే సైట్ ఫోల్డర్ దాటి బయటి ఫైళ్లు చదివేయొచ్చని తేలింది. 2.4.50తో సరిచేశారు. రెండుసార్లు ఎన్‌కోడ్ చేస్తే మళ్లీ దూరొచ్చని తేలింది! మూడు రోజులకే 2.4.51. అప్పటినుంచి "ఫిక్స్ అయిపోయింది" అని ఎవరైనా అంటే నాకు టెన్షన్ ఇంకాస్త పెరుగుతుంది.

రేపు ఈ లింకులన్నీ టెస్టుల్లో చేర్చాలి. మీ దగ్గర ఎప్పుడో రాసి వదిలేసిన రీరైట్ రూల్స్ ఉంటే, అప్‌డేట్ వేసేముందు ఓసారి చూసుకోండి.