ఓటు లేని అభిమానం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఫ్లెక్సీలు ముద్రించే నాబోటివాడి దగ్గరకు అన్ని పార్టీలవారూ వస్తారు. ఈ రోజు వచ్చిన ఐదుగురు కుర్రవాళ్లు మాత్రం ఇక్కడి పార్టీలవారు కారు. ఆంధ్రాలోని ఒక నాయకుడి పుట్టినరోజుకు పన్నెండడుగుల ఫ్లెక్సీ కావాలన్నారు. వారిలో ఒక్కరికైనా ఆయనకు ఓటు వేసే హక్కు లేదు. అందరి ఓట్లూ గజపతి జిల్లాలోనే ఉన్నాయి. 2024 మే 13న మాకూ, అవతల పాతపట్నం వారికీ ఒకే రోజు పోలింగు జరిగినప్పుడు, వీరు పొద్దున్నే ఇక్కడ ఓటు వేసేసి, ఆ తర్వాత రోజంతా సరిహద్దు అవతలి కబుర్ల కోసం ఫోన్లు పట్టుకుని కూర్చోవడం నేను చూశాను. ఆయన గెలిస్తే వీరి ఇంట్లో ఎవరికీ పింఛను రాదు, వీధిలో రోడ్డు పడదు. ఓడితే పోయేదీ ఏమీ లేదు. అయినా ఆయన్ను ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, టీ కొట్టు దగ్గరే చొక్కాలు పట్టుకుంటారు.

జనం లాభం కోసమే నాయకుల వెంట తిరుగుతారన్న మాటను నేను పూర్తిగా నమ్మలేకపోవడానికి కారణం ఈ కుర్రవాళ్లే. వీరిని చూసినప్పుడల్లా హెన్రీ టాజ్‌ఫెల్ గుర్తుకు వస్తాడు. సామాజిక మనస్తత్వవేత్త, పోలండులో పుట్టిన యూదుడు. ఫ్రెంచి సైన్యంలో చేరి జర్మన్లకు యుద్ధఖైదీగా చిక్కి, తాను పోలండు యూదుడినన్న సంగతి బయటపడకుండా బతికి బట్టకట్టినవాడు. యుద్ధం ముగిసి తిరిగి వచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగలలేదు. మనిషికి ‘మనవాడు, పరాయివాడు’ అన్న భేదం ఎంత తక్కువ కారణంతో పుడుతుందో చూడాలన్న పట్టుదల ఆయనకు ఊరికే కలగలేదు. బ్రిస్టల్‌లో పద్నాలుగు, పదిహేనేళ్ల బడి పిల్లలకు కొన్ని చిత్రాలు చూపి, మీరు ఫలానా చిత్రకారుడిని మెచ్చిన జట్టు, వారు మరొకరిని మెచ్చిన జట్టు అని చెప్పాడు. నిజానికి ఆ విభజన చీట్లు తీసినట్టు ఇష్టం వచ్చినట్టు చేసినదే. తమ జట్టులో ఎవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. డబ్బు పంచమంటే, తమకు స్వయంగా పైసా దక్కకపోయినా, తమ జట్టువారికే ఎక్కువ ఇచ్చారు. అంతేకాదు, తమవారికి దక్కేది కాస్త తగ్గినా ఫరవాలేదు, అవతలివారికంటే ఎక్కువ తేడా ఉంటే చాలునన్నట్టు పంచారు. 1970లో ప్రకటించిన ఈ ఫలితంలో నాకు అన్నిటికంటే భయం గొలిపేది ఈ చివరి సంగతే.

ప్రూఫ్ చూపించినప్పుడు అసలు విషయం బయటపడింది. నాయకుడి ముఖాన్ని వారు క్షణంలో ఒప్పుకున్నారు. కింది వరుసలోని తమ ఫొటోల దగ్గర మాత్రం గంటసేపు తగువు పడ్డారు. ఒకడి తల మరొకడి తలకంటే వేలెడంత చిన్నదైందట. ‘బాబాయ్, ఆడి ఫొటో ఆయన చేతికి ఆనింది, నాది ఆ మూలకి తోసీసినారేటి?’ అని ఒకడు మరీ బాధపడ్డాడు. పగలంతా మరొకరి దుకాణంలో బస్తాలు మోసే ఆ కుర్రవాడిని పేరు పెట్టి పిలిచేవారు ఊళ్లో పదిమంది కూడా ఉండరు. కూడలిలో ఫ్లెక్సీ కట్టిన వారం రోజులు మాత్రం అతడూ ఒక మనిషే. నాయకుడిని తిడితే తనను తిట్టినట్టే ఎందుకు ఉంటుందో ఆ ఫొటో తగువు చూసినవారికి ఎవరూ వివరించనక్కరలేదు. తనకంటూ వేరే విలువ లేదనుకున్నవాడు, అరువు తెచ్చుకున్న ఆ విలువకు ఎవరైనా గీటు పెడితే ఊరుకోడు.

పేరు కింద ‘మా దేవుడు’ అని వేయమన్నారు. రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న అంబేడ్కర్ చెప్పినదే అక్కడ నా మనసులో మెదిలింది: మతంలో భక్తి ముక్తికి దారి కావచ్చు గాని, రాజకీయంలో భక్తి పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి తీస్తుందని ఆయన హెచ్చరించాడు. ఆ మాట వారితో అనలేదు. దానికి బదులు, ‘మీ నాయకుడు చేసిన పనుల్లో మీకు నచ్చనిది ఒక్కటి చెప్పండి నాయనా’ అని అడిగాను. ఈ ప్రశ్న నేను అన్ని పార్టీలవారినీ అడుగుతూ ఉంటాను. రాజకీయ పక్వతకు నా దగ్గర ఉన్న కొలత ఇదొక్కటే. నలభై ఏళ్లుగా ఒకే గుర్తుకు ఓటు వేస్తూ, ఆ పార్టీవారిని మా దుకాణంలో కూర్చుని నోరారా తిట్టిపోసే పెద్దాయన ఒకరున్నారు. అభిమానం అంటే నా దృష్టిలో అది. వీళ్లలో ఒకడు మాత్రం, ‘ఆయన మరీ మంచోడు బాబాయ్, అదే తప్పు’ అన్నాడు. మిగతావారు గొల్లున నవ్వారు.

అందరిలోకీ చిన్నవాడు నవ్వలేదు. ‘దేవుడెందుకురా, నాయకుడంటే సరిపోదా?’ అన్నాడు. తక్షణం నలుగురూ అతని మీద విరుచుకుపడ్డారు. కాసేపటికి, ఫొటో మూలకు పోయిందని బాధపడిన కుర్రవాడే, ‘ఆడన్నది కూడా నిజమేలే’ అని గొణిగాడు. మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ 1950ల్లో గీతల పొడవు పోల్చమని చేసిన ప్రయోగాల్లో తేలినది ఇదే: గదిలో మిగతా అందరూ ఏకకంఠంతో తప్పు చెబుతూ ఉంటే, పరీక్షకు కూర్చున్నవారి సమాధానాల్లో సుమారు మూడో వంతు వారి వెంటే పోయాయి, నిజం చెప్పే తోడు ఒక్కరు దొరికితే ఆ తప్పులు అంతకుముందున్న వాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. తీవ్రవాద ధోరణి గల గుంపులు బయటి శత్రువుకంటే లోపలి సందేహిని ఎక్కువ కసిగా వెలివేయడం ఇందువల్లనేమో. అతడు ఒంటరిగా ఉన్నంతసేపే వారికి నిశ్చింత.

ఫ్లెక్సీ మీద చివరికి ‘మా దేవుడు’ అనే పడింది. నలుగురి మాట నెగ్గింది, డబ్బులిచ్చింది కూడా వారే. ఐలెట్లు కొట్టి చుట్టి ఇచ్చేటప్పుడు, తన ఫొటో తీసేయమంటాడేమోనని ఆ చిన్నవాడి వైపు చూశాను. అతడు అలాంటిదేమీ అడగలేదు. మిగతావారు కూడా అతని ఫొటో తీసేయమనలేదు.