బెంగళూరు వంకాయ పేరు వెంట లాల్‌బాగ్‌కి

మా ఇంట్లో వారానికొకసారైనా బెంగళూరు వంకాయ పప్పు ఉంటుంది. చూస్తే వంకాయలా ఉండదు, మరి ఆ పేరు ఎందుకొచ్చిందని అమ్మ చాలాసార్లు అడిగింది. ఈమధ్య బెంగళూరులోని లాల్‌బాగ్ తోట గురించి చదువుతుంటే పేరులోని ఆ బెంగళూరుకు జవాబు దొరికింది. ఎక్కడో మెక్సికో వైపు పుట్టిన తీగ అది. 19వ శతాబ్దం చివర్లో లాల్‌బాగ్ సూపరింటెండెంట్‌గా ఉన్న జాన్ కామెరాన్ దాన్ని బెంగళూరు నేలకు మప్పారట. అక్కడి నుంచే మన సంతల్లోకి, మన పప్పుల్లోకి వచ్చింది. ఇదంతా చదివి వినిపిస్తే అమ్మ ఒకటే మాట అంది: "అయితే ఆ తోట చూడాల్సిందే పాపా."

హిందూపురంలో పొద్దున్నే రైలెక్కాం. బెంగళూరులో దిగి మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషనే లాల్‌బాగ్. స్టేషన్ బయట ట్రాఫిక్ హోరు చెవులు చిల్లులు పడేలా ఉంది. గేటు దాటి వంద అడుగులు వేశామో లేదో ఆ హోరు వెనకబడిపోయి, ఎండుటాకుల మీద మా చెప్పుల చప్పుడు మాకే వినిపించింది. మొత్తం 240 ఎకరాలు. అమ్మ మోకాళ్లతో అంతా తిరగలేమని, అనుకున్నవి మాత్రం తీరుబడిగా చూద్దామని ముందే నిశ్చయించుకున్నాం.

ఈ తోటకు నారు పోసింది హైదర్ అలీ, 1760లో. అప్పట్లో శిరాలో ఉన్న మొగలుల తోట చూసి ముచ్చటపడి, అలాంటిదే తనకూ కావాలని సుమారు 40 ఎకరాల్లో మొదలుపెట్టాడని చెబుతారు. శిరా అంటే మాకు ఎక్కడో దూరం కాదు, మడకశిర దాటి వెళ్తే వచ్చే ఊరే. ఆ మాట చెప్పగానే తోటకూ మాకూ ఏదో చుట్టరికం ఉన్నట్టు అమ్మ ముఖం విప్పారింది. తర్వాత టిప్పు సుల్తాన్ దేశదేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించి తోటను పెంచాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు చనిపోయాక తోట ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానంగా మారింది. ఓడిన రాజు కోటలు పాడుబడతాయి, ఆయన నాటిన చెట్లకు మాత్రం గెలిచినవాళ్లు కూడా నీళ్లు పోశారు. నాకు ఈ సంగతి చాలా గొప్పగా తోచింది.

గ్లాస్ హౌస్ దగ్గరికి వెళ్లేసరికి ఎండ ఎక్కింది. 1889 నవంబర్ 30న విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ దీనికి శంకుస్థాపన చేశాడు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ నమూనాలో కట్టించింది మా బెంగళూరు వంకాయ కామెరానే. ఏటా జనవరిలో, ఆగస్టులో జరిగే ఫ్లవర్ షోలప్పుడు ఇక్కడ కాలు పెట్టే సందుండదు. మేం వెళ్లింది మామూలు రోజు కాబట్టి ఖాళీగా ఉంది. ఇనుప కమానుల నీడలు నేల మీద ముగ్గు వేసినట్టు పడ్డాయి. ఫ్లవర్ షోకి రాలేదే అన్న బాధ నాకైతే లేదు. జనం మధ్య ఈ నీడలు కనిపించేవి కావు.

అక్కడి నుంచి తెల్ల బూరుగు చెట్టు దగ్గరికి. దాని వయసు రెండు వందల ఏళ్లు దాటిందంటారు. మొదలు దగ్గర వేళ్లు నేలలోకి దిగకుండా గోడల్లా పైకి లేచి ఉన్నాయి. ఒక గోడకీ ఇంకో గోడకీ మధ్య మనిషి దాక్కునేంత చోటు. అమ్మ పక్కన నిలబడితే చిన్నపిల్లలా కనిపించింది. అయితే తోటలో కొన్ని చెట్ల మానుల మీద కత్తితో చెక్కిన పేర్లు చూసి ప్రాణం ఉసూరుమంది. ఒక అక్షరం చుట్టూ బెరడు ఉబ్బి, మానని పుండులా ఉంది. అమ్మ దాన్ని వేలితో తడిమి ఏమీ మాట్లాడకుండా ముందుకు నడిచింది.

ఈ తోటలో నాకు బాగా ఇష్టమైన మనిషి గుస్తావ్ క్రుంబిగెల్. జర్మనీలో పుట్టి, లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడా మీదుగా ఇక్కడికి వచ్చి 1908లో తోట బాధ్యత తీసుకున్నారు. ఏడాది పొడవునా ఏదో ఒక వీధిలో ఏదో ఒక చెట్టు పూసి ఉండేలా ఒకదాని తర్వాత ఒకటి పూసే చెట్లు చూసి బెంగళూరు రోడ్ల వెంట నాటించారు. నిద్రగన్నేరు నీడన నడుస్తున్నా, నీలిపూల జకరండా కింద నిలబడినా, దక్షిణ అమెరికా నుంచి వచ్చి మనదైపోయిన చెట్టు కిందే ఉన్నామన్నమాట. క్రుంబిగెల్ కూడా అంతే, తిరిగి వెళ్లలేదు. 1956లో బెంగళూరులోనే కన్నుమూశారు.

పూలతో చేసిన గడియారం, తమిళనాడు తిరువక్కరై నుంచి తెచ్చిన రాయిగా మారిన చెట్టు మాను చూసుకుంటూ చివరికి బండ దగ్గరికి చేరాం. పైన, బెంగళూరు ఊరు కట్టించిన కెంపేగౌడ పేరు మీద ఉన్న గోపురం. పాత బెంగళూరు చుట్టూ నాలుగు దిక్కులా కట్టిన నాలుగింటిలో ఇదొకటి. ఒకప్పుడు ఊరు ఇంతకు మించి పెరగదనుకున్నారట. ఇప్పుడు అక్కడ నిలబడి ఎటు చూసినా ఊరే.

అయితే నేను గోపురం కన్నా కింద ఉన్న బండనే ఎక్కువసేపు చూశాను. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని ద్వీపకల్ప నైస్ అంటారు, నైస్ అంటే చారలుండే ఒక రకం రాయి. మైసూరు సంస్థానంలో పనిచేసిన స్మీత్ 1916లో ఈ పేరు పెట్టారు. వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. 1975లో దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. వంగి చూస్తే బూడిద రంగు, తెలుపు చారలు ఒకదాని పక్కన ఒకటి మెలికలు తిరుగుతూ పోయాయి, రెండు పిండ్లు పూర్తిగా కలవక ముందు పళ్లెంలో కనిపిస్తాయే, అలా. ఒకప్పుడు భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మెత్తబడి ముడతలు పడిన గుర్తులవి. "మన సీమ పడమటి వైపు కూడా అడుగున ఈ జాతి రాయేనమ్మా" అన్నాను. అమ్మ చెప్పులు విప్పి, ఎండకు వెచ్చబడిన బండ మీద కాసేపు అలాగే కూర్చుంది.

బయటికి వచ్చేముందు తోటలోని నర్సరీలో అమ్మ సంపెంగ మొక్క కొంది. నర్సరీ అతన్ని కన్నడంలో బెంగళూరు వంకాయ నారు ఉందా అని అడిగితే అతను నవ్వి, దానికి నారు ఎందుకమ్మా, ముదిరిన కాయను అలాగే పెట్టేయండి, అదే మొలుస్తుంది అన్నాడు.

హిందూపురం వచ్చాక సంతలో ముదురుకాయ ఒకటి ఏరి తెచ్చి, వంటింటి కిటికీ పక్కన మూల పెట్టింది. మూడో వారం పొద్దున్నే నన్ను నిద్రలేపి చూపించింది. కాయ లావు చివరన నోరులా ఉన్న చీలికలోంచి లేతాకుపచ్చ మొలక ఒకటి బయటికి వచ్చి, చిటికెన వేలంత పొడవున కిటికీ వైపు వంగి ఉంది.