బి విలువ 0.95 దాటేదాకా: ఇసుకతో నా ఎం.టెక్ ఏడాది

భూకంపం కుదుపులకి తడి ఇసుక ఎప్పుడు పట్టు వదులుతుందో ల్యాబ్‌లో చూడటం నా ఎం.టెక్ అంశం. మూడో రోజు సాయంత్రానికి కూడా బి విలువ, అంటే సాంపిల్ చుట్టూ పెంచిన పీడనంలో (సెల్ ప్రెజర్) లోపలి నీటికి చేరిన వంతు, 0.82 దగ్గరే ఆగిపోయింది. సెల్ ప్రెజర్ 50 కిలోపాస్కల్ పెంచితే సాంపిల్ లోపలి నీటి పీడనం 41 పెరిగి నిలబడింది. రేణువుల సందులన్నీ నీటితో నిండి ఉంటే కనీసం 48 అయినా కనిపించాలి. 41 వచ్చిందంటే ఎక్కడో గాలి ఉందన్నమాట. పక్క టేబుల్ దగ్గర పని చేసుకుంటున్న సీనియర్ "ఇది చాల్లే, లోడింగ్ మొదలుపెట్టెయ్, నీకు రోజులు లేవు" అన్నాడు. లోడింగ్ అంటే సాంపిల్‌కి కుదుపులు పెట్టడం. నిజంగానే లేవు. థీసిస్ ఇవ్వడానికి పది వారాలు మిగిలాయి. పనికొచ్చే టెస్టు అప్పటికి ఒక్కటీ లేదు.

కానీ ఆ గాలిని వదిలేసి టెస్టు చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నీరు కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. కుదుపు వచ్చినప్పుడు పెరగాల్సిన నీటి పీడనాన్ని ఆ కొద్దిపాటి బుడగలు మింగేస్తాయి. ఇసుక ఇంకో పది కుదుపులు ఎక్కువ తట్టుకున్నట్టు గ్రాఫులో కనిపిస్తుంది. అంటే ఉన్నదానికంటే గట్టి ఇసుక అని నేనే రాసిచ్చినట్టు. తప్పు జరిగితే అది ప్రమాదం వైపే జరుగుతుంది. అందుకే వాల్వులు మూసి, సాంపిల్ విప్పేశాను. మూడు రోజుల పని బకెట్లోకి పోయింది. ఆ రాత్రి హాస్టల్‌కి వెళ్ళాక అన్నం సహించలేదు.

ఈ అంశం నేను పట్టుబట్టి తీసుకున్నదే. మాది దివిసీమ. చిన్నప్పుడు కృష్ణ ఒడ్డున పాదం మీద తడి ఇసుక కప్పి, చేత్తో తట్టి పిచ్చుక గూళ్ళు కట్టేవాళ్ళం. కాలు తీసినా గూడు నిలబడేది. అదే ఇసుకను నీటి అంచున రెండు కాళ్ళతో టకటకా తొక్కితే జున్నులా ఊగేది, నీరు పైకి ఉబికేది, పాదం దిగబడేది. బి.టెక్ మూడో ఏడు సాయిల్ మెకానిక్స్ క్లాసులో 1964 జపాన్ నీగాటా భూకంపం ఫొటో చూపించారు. కవాగిషి-చో అపార్ట్‌మెంట్లు గోడలు పెద్దగా చెదరకుండానే ఒరిగిపోయి ఉన్నాయి, ఒకటైతే దాదాపు పూర్తిగా పడుకుని ఉంది. బిల్డింగ్ బాగానే ఉంది, కింద నేల లేదు. ఆ ఫొటో చూడగానే నాకు మా రేవు గుర్తొచ్చింది.

వదులుగా ఉన్న ఇసుకలో రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని పై బరువు మోస్తాయి. కుదుపు రాగానే అవి ఇంకా దగ్గరగా సర్దుకోవాలని చూస్తాయి. మధ్యలో ఉన్న నీరు బయటికి పోవడానికి ఆ కొద్ది సెకన్ల వ్యవధి చాలదు. దాంతో బరువు నీటి మీద పడుతుంది, రేణువుల మధ్య పట్టు పోతుంది, నేల కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీన్నే లిక్విఫాక్షన్ అంటాం. 1934 బీహార్-నేపాల్ భూకంపంలో పొలాల్లో ఇసుక ఊటలు లేచింది, 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లో నీళ్ళూ ఇసుకా ఎగజిమ్మింది ఇందువల్లే.

ముందు ఫీల్డ్ పని. కృష్ణ డెల్టాలో ఒక బోరు వేయించి ఎస్.పి.టి. చేయించాం, అంటే నేల ఎంత గట్టిదో దెబ్బల లెక్కతో చూసే పరీక్ష. 63.5 కిలోల హామర్‌ని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, రాడ్ చివరనుండే గొట్టం (స్పూన్) 45 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో 15 సెంటీమీటర్లకోసారి లెక్కపెట్టాలి. మొదటి 15 బోరు వేసేటప్పుడే కదిలిపోయిన మట్టి కాబట్టి వదిలేసి, తర్వాతి 30కి పడిన దెబ్బలే ఎన్ విలువ. రాడ్ మీద సుద్దతో గీతలు పెట్టుకుని నేనూ లెక్కపెట్టాను. నాలుగున్నర మీటర్ల దగ్గర 3, 4, 4. అంటే ఎన్ 8. ఏజెన్సీ సూపర్‌వైజర్ పుస్తకంలో 11 అని ఉంది. మొదటి 15కి పడిన 3 దెబ్బల్నీ కలిపేశారు. "ఎప్పుడూ ఇలాగే రాస్తామమ్మా" అన్నారాయన మామూలుగా. అలా రాసిన పుస్తకాల మీద ఎన్ని ఇళ్ళ పునాదులు లేచాయో అనిపించి భయం వేసింది.

ఆ రోజు ఇంకోటి కూడా కళ్ళారా చూశాను. బోరులో నీటిమట్టం భూగర్భ జలం కంటే కిందికి జారితే అడుగున ఇసుక ఉడికినట్టు పైకి వస్తుంది, వదులైపోతుంది, దెబ్బలు తక్కువ పడతాయి. అందుకని బోరు ఎప్పుడూ నిండుగా ఉంచాలి, రాడ్లు నెమ్మదిగా తీయాలి. పైకి తీసే మేస్త్రికి ఈ కారణం చెబితే ఆయన ఆసక్తిగా విన్నారు. తర్వాత ప్రతి లోతులోనూ ముందు నీళ్ళు పోయించి, ఆ తర్వాతే పని మొదలుపెట్టారు.

ల్యాబ్‌లో మొదటి నెలంతా సాంపిల్ తయారీకే పోయింది. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మిల్లీమీటర్ల ఎత్తు, పొడి ఇసుక 300 గ్రాములకు కాస్త తక్కువ. కొంచెం నీళ్ళు కలిపి ఐదు పొరలుగా పోసి ఒక్కో పొరనీ కూరాలి. పై పొర కూరుతుంటే కింది పొర కూడా ఇంకొంచెం అణుగుతుంది కాబట్టి కింది పొరల్ని కావాలని కాస్త వదులుగా ఉంచాలి. ఎంత వదులన్నది చెయ్యి అలవాటు పడేదాకా తెలియదు. తర్వాత కింది నుంచి కార్బన్ డయాక్సైడ్ నెమ్మదిగా పంపి గాలిని తోసేయాలి. ఆ వాయువు నీటిలో గాలి కంటే చాలా తేలిగ్గా కరుగుతుంది. ఆ పైన గాలి తీసేసిన నీరు చుక్క చుక్కగా ఎక్కించాలి. చివరికి సెల్ ప్రెజర్, లోపలి నీటికి ఇచ్చే బ్యాక్ ప్రెజర్ రెండింటినీ మెట్టు మెట్టుగా పెంచుతూ మిగిలిన బుడగల్ని కరిగించాలి.

ఇవన్నీ వరసగా చేసినా బి పెరగడం లేదు. నాలుగు సాంపిళ్ళు అలాగే పోయాక ల్యాబ్ అసిస్టెంట్ బాబాయ్ గారు వచ్చి చూశారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలో ఉన్న మనిషి. "అమ్మా, సైకిల్ ట్యూబ్ పంక్చర్ ఎలా చూస్తారు?" అని అడిగి, స్టీలు బేసిన్ నిండా నీళ్ళు తెచ్చారు. సాంపిల్‌కి తొడిగే రబ్బరు మెంబ్రేన్ రెండు కొనలూ బిగించి, గాలి ఊది, నీళ్ళలో ముంచి మెల్లగా తిప్పాం. ఓ-రింగ్ కూర్చునే చోటికి వేలెడు పైన ఒక సన్నటి బుడగ అంటుకుని, పెద్దదై, విడిపోయి పైకి వచ్చింది. మళ్ళీ ఇంకోటి. కంటికి కనిపించని చిల్లు. సాంపిల్ కూర్చునే పీఠం (పెడెస్టల్) అంచున ఇరుక్కున్న ఇసుక రేణువు బిగించేటప్పుడు రబ్బరుని కోస్తోంది. ఆ రోజు నుంచి ప్రతి మెంబ్రేన్‌నీ ముంచి చూశాకే వాడాను. పెడెస్టల్ అంచుని తడి గుడ్డతో మూడుసార్లు తుడిచేదాన్ని.

తర్వాతి సాంపిల్‌కి రెండో రోజు మధ్యాహ్నం 50కి 48 వచ్చింది. 0.96. వాల్వు తెరిచి మళ్ళీ మూసి ఇంకోసారి చూసుకున్నాను. అదే వచ్చింది. గైడ్ సార్‌కి ఫోన్ చేస్తే "లోడింగ్ నేను వచ్చాక పెట్టమ్మా, నేనూ చూస్తాను" అన్నారు.

రేణువుల మీద నికరంగా 100 కిలోపాస్కల్ నొక్కు పడేలా అణగనిచ్చి (కన్సాలిడేట్ చేసి), అటూ ఇటూ 40 కిలోపాస్కల్ చొప్పున సెకనుకో కుదుపు పెట్టాం. ఆ సాంపిల్ మీద అది ఎనిమిది కిలోల బరువంతే. మొదటి ఐదు కుదుపులకీ సాంపిల్ కదిలినట్టే లేదు. కానీ స్క్రీన్ మీద నీటి పీడనం ఒక్కో కుదుపుకీ ఒక్కో మెట్టు ఎక్కుతోంది. ఏడో కుదుపుకి 75 దాటింది. ఎనిమిదో కుదుపుకి సాంపిల్ నడుము దగ్గర సన్నబడింది. తొమ్మిదికి పీడనం 100 తాకింది. అప్పటిదాకా రాయిలా నిలబడ్డ ఇసుక పిస్టన్ లాగితే సాగి, నొక్కితే పిసికిన పిండిలా ఉబ్బింది. రెండు రోజుల తయారీ, తొమ్మిది సెకన్ల టెస్టు. సార్ ఏమీ మాట్లాడలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత ఏడు వారాల్లో పదకొండు మంచి టెస్టులు చేయగలిగాను. కుదుపు తగ్గిస్తే ఎక్కువసార్లు తట్టుకుంటుంది, ఇసుకని గట్టిగా కూరితే ఇంకా ఎక్కువ తట్టుకుంటుంది. వక్రరేఖ గీయడానికి అవి సరిపోయాయి.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నేరుగా ఫీల్డ్ లెక్క దగ్గరికి వెళ్ళారు. విజయవాడ ప్రాంతం 2016 నాటి ఐఎస్ 1893 (భూకంపాలని తట్టుకునే కట్టడాల భారత ప్రమాణం) ప్రకారం మూడో జోన్, జోన్ గుణకం 0.16. నా బోరులో నాలుగున్నర మీటర్ల దగ్గర ఆ 8 దెబ్బల ఇసుకకి, 7.5 తీవ్రత భూకంపం అనుకుంటే భద్రతా గుణకం సుమారు 0.7 వస్తుంది, ఒకటికి తక్కువ, అంటే నిలవదు. 6 తీవ్రత అనుకుంటే ఒకటి దాటుతుంది. "మరి ఏది రాస్తారు?" అన్నారు. రెండూ రాశానని చెప్పాను. 1967 ఒంగోలు 5.4, 1969 భద్రాచలం 5.7, 2024 డిసెంబర్ 4న ములుగు 5.3. మన దగ్గర రికార్డయినవి ఆ స్థాయివి. అయినా ఏ తీవ్రతకి లెక్క కట్టారో రాయకుండా ఒక్క అంకె ఇస్తే, ఇల్లు కట్టుకునేవాళ్ళు దాన్ని అన్నిటికీ సరిపోయేదనుకుంటారు. ఆ పుస్తకంలోని 11 పెట్టి లెక్క కడితే రెండు గుణకాలూ పెరుగుతాయి, నేల మాత్రం మారదు అని కూడా చెప్పాను. అలాంటి చోట ఇసుకని ముందే కుదించాలి, లేదా పైల్స్ ఆ పొర దాటించి గట్టి పొరలోకి దించాలి అన్నాను.

"చెడిపోయిన టెస్టులు ఎన్ని?" అని అడిగారు చివరికి. అనుబంధం తెరిచి చూపించాను. పద్నాలుగు. ఒక్కోదానికీ తేదీ, బి విలువ, ఎందుకు వదిలేశానన్న కారణం. థీసిస్‌లో ఇవి పెట్టాలా వద్దా అని సార్‌తో రెండు రోజులు మాట్లాడి పెట్టుకున్న పేజీ అది. ఎగ్జామినర్ కళ్ళజోడు సర్దుకుని, 0.82 ఉన్న వరస నుంచి మొదలుపెట్టి, వేలితో ఒక్కో కారణం చదువుకుంటూ కిందిదాకా వెళ్ళారు.