కొబ్బరితోట మెష్, ఆరో వారం: -84 లింకుతో పేచీ

పోయిన నెల మోటారు షెడ్డులో కెమెరా పెట్టాం. మా కోనసీమ తోటల్లో మోటార్ల రాగి వైరు కోసుకుపోవడం మామూలైపోయింది, ఆ భయంతోనే. కెమెరా పెట్టిన మూడో రోజు నుంచి నానమ్మ గొడవ మొదలైంది. అమెరికాలో ఉన్న అత్తతో వీడియో కాల్ మాట్లాడుతూ, "ఒరేయ్, దాని మొహం మళ్లీ బిగుసుకుపోయిందిరా" అని అరుగు మీంచి కేక. ఆవిడ కూర్చునే చోటికి మెయిన్ రౌటర్ పది అడుగుల దూరంలో ఉంటుంది. షెడ్డు చూస్తే తోట చివర, సుమారు 140 మీటర్ల అవతల. అక్కడి కెమెరాకీ ఇక్కడి ఫోన్‌కీ సంబంధం ఏమిటో తేల్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ముందు సామాను సంగతి. ఐదు నోడ్లు (మెష్‌లో ఒక్కో రౌటర్‌ని అలా అంటారు), అన్నీ మీడియాటెక్ చిప్ ఉన్న పాత రౌటర్లే. అన్నింట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసి, 802.11ఎస్ పద్ధతిలో మెష్ కట్టాను, అంటే రౌటర్లు వైరు లేకుండా ఒకదాన్నుంచి ఒకటి డేటా అందించుకునే వల. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీతో మామూలుగా వచ్చే డబ్ల్యూప్యాడ్ బేసిక్ అనే వైఫై భద్రత ప్యాకేజీ తీసేసి మెష్ రకం వేసుకోకపోతే పాస్‌వర్డ్‌తో మెష్ కట్టుకోదు. మొదట్లో అది తెలియక ఒక ఆదివారం మొత్తం పోయింది. నోడ్లకి నేను పెట్టుకున్న పేర్లు: పెద్దిల్లు (ఫైబర్ కనెక్షన్ ఇక్కడే), మేడ, పాక, షెడ్డు, పెదనాన్న గారిల్లు. చెట్ల మధ్యలోంచి పోవాలి కాబట్టి మెష్‌కి 2.4 గిగాహెర్ట్జ్, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు. ఫోన్లకి 5 గిగాహెర్ట్జ్. నానమ్మ పాత ఫోన్‌కి 5 రాదు కాబట్టి దానికోసం 2.4లో కూడా ఒక వైఫై పేరు వదిలాను. అంటే మెష్ నోడ్లు మాట్లాడుకునే చానెల్ మీదే నానమ్మ ఫోన్ కూడా మాట్లాడుతోంది.

షెడ్డు నుంచి వీడియో పాక మీదుగా పెద్దింటికి వస్తుందని నేననుకున్నాను. లెక్క ప్రకారం అలాగే రావాలి. నిజంగా ఏం జరుగుతోందో చూద్దామని పెద్దింటి రౌటర్‌లో చిన్న స్క్రిప్ట్ రాసి, పది సెకన్లకోసారి స్టేషన్ డంప్ (ఎవరితో లింకు ఉంది, ఎంత బలంగా ఉంది), మెష్ పాత్ డంప్ (ఎవరికి ఏ దారిన వెళ్తోంది) రెండూ ఫైల్లోకి పంపాను. ఒక రాత్రి నడిపి పొద్దున్నే కాఫీతో కూర్చుంటే దొంగ దొరికాడు. షెడ్డుకి వెళ్లే దారిలో తర్వాతి మజిలీ కాసేపు పాక, కాసేపు నేరుగా షెడ్డే. నేరుగా ఉన్న ఆ లింకు సిగ్నల్ -84 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) అటూ ఇటూ, బిట్‌రేటు చాలాసార్లు సెకనుకి 6.5 మెగాబిట్లు. పాకతో అయితే -66, బిట్‌రేటు 78. పాక నుంచి షెడ్డుకి -72, 39.

ఇంత మంచి దారి ఉండగా ఆ నేరు దారి ఎందుకు పట్టిందంటే, దారి వెతికే పద్ధతిలో ఉంది కిటుకు. 802.11ఎస్‌లో ఒక నోడ్ మరో నోడ్‌కి దారి కావాలంటే ఊరంతా దండోరా వేసినట్టు బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది. బ్రాడ్‌కాస్ట్‌కి అందినట్టు జవాబు రాదు, అందకపోతే మళ్లీ పంపడం ఉండదు. పైగా అది వెళ్లేది తక్కువ వేగంలో, అంటే చాలా దూరం వినిపిస్తుంది. పాక మీదుగా వెళ్లాల్సిన దండోరా ఏ ఢీకొనడం వల్లో ఒకసారి పోయిందనుకోండి, షెడ్డుకి అందేది నేరుగా వచ్చినదొక్కటే. ఉన్న దారి అదే అనుకుని పట్టుకుంటుంది. కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ వెతికినప్పుడు సరిచేసుకుంటుంది, కానీ ఆ కొన్ని సెకన్లలోనే అత్త మొహం బిగుసుకుపోతుంది.

కాగితం మీద లెక్క వేస్తే గానీ నాకు దీని తీవ్రత తెలియలేదు. కెమెరా పంపేది 2 మెగాబిట్లు. 6.5 అన్నది పేరుకే. ప్రతి ఫ్రేముకీ ఉండే ఖర్చులు, రీట్రైలు పోగా చేతికొచ్చేది 4 అనుకుందాం. అంటే గాలిలో సగం సమయం ఈ ఒక్క కెమెరాకే పోతోంది. అదే పాక మీదుగా రెండు అంచెల్లో వస్తే, 39 లింకు మీద 25, 78 లింకు మీద 45 నికరంగా వస్తాయనుకున్నా, రెండూ కలిపి ఎనిమిదో వంతు సమయం చాలు. గాలి అందరికీ ఒకటే కాబట్టి షెడ్డు నత్తనడకన మాట్లాడుతున్నంతసేపూ నానమ్మ ఫోన్ నోరు మూసుకుని వరసలో నిలబడాలి. పది అడుగుల దూరంలో ఉన్నా సరే.

ఎమ్‌ఐటీ వాళ్లు కేంబ్రిడ్జ్‌లో రూఫ్‌నెట్ అనే మెష్ నడిపిన రోజుల్లో వచ్చిన ఈటీఎక్స్ లెక్క కూడా ఇదే చెబుతుంది. ఒక ప్యాకెట్ అందడానికి సగటున ఎన్నిసార్లు పంపాలి అన్నదే ఆ లెక్క. అటూ ఇటూ సగం సగం పోయే లింకు మీద నాలుగుసార్లు పంపాలి. 95 శాతం అందే లింకులు రెండు దాటి వెళ్తే మొత్తం 2.2 సార్లు సరిపోతుంది. అంచెలు తక్కువ ఉంటే మంచిదని ఇన్నాళ్లూ నేను అనుకున్నది తప్పన్నమాట.

సరే, తెంచేద్దాం అనుకున్నాను. మెష్ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ థ్రెషోల్డ్ అని, సిగ్నల్ బలానికి గీత గీసే ఒక సెట్టింగ్ ఉంది. సున్నా ఉంటే పని చేయదు. -75 అని పెడితే అంతకంటే బలహీనంగా వినిపించే నోడ్‌తో కొత్తగా లింకు కట్టుకోదు. శనివారం రాత్రి ఐదు నోడ్లలోనూ -75 పెట్టాను. ఏమీ మారలేదు. అరగంట బుర్ర గోక్కున్నాక అర్థమైంది: ఆ సెట్టింగ్ కొత్త లింకులకే, ఉన్నవాటిని తెంచదు. పాత లింకు పోవాలంటే మాటామంతీ లేకుండా గడువు దాటాలి, ఆ గడువు మామూలుగా 1800 సెకన్లు. మా షెడ్డు అరగంట మౌనంగా ఉండే రకం కాదు. పెద్దింట్లో వైఫై ఆపి మళ్లీ వేశాను. -84 లింకు పోయింది. ఆ రాత్రి పింగ్ (అటు వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) చూస్తే, అంతకుముందు 300 మిల్లీసెకన్ల దాకా ఎగిరి పడుతున్నది పదిలోపే ఉండిపోయింది. చాలా గర్వంగా పడుకున్నాను.

మంగళవారం వాన, దాంతో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే షెడ్డు లేదు, కెమెరా లేదు. తడిసిన కొబ్బరి మట్టలు సిగ్నల్‌ని తినేస్తాయి. పాక–షెడ్డు లింకు పొడి రోజున -72, ఆ వానలో -77. కరెంటు పోకపోయి ఉంటే పాత లింకు అలాగే ఉండేది, నాకు తెలిసేదే కాదు. అన్నీ ఒకేసారి మళ్లీ మొదలయ్యేసరికి ఆ -77 లింకుకి నేను గీసిన -75 గీత అడ్డం పడింది. "కెమెరా పెట్టించిందే వాన రాత్రుల కోసం కదరా" అన్నారు బాబాయ్. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు తట్టింది, గీత అందరికీ ఒకటే ఎందుకు? లింకు కట్టుకోవాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒకరు కాదంటే చాలు. మేడ, పాక, షెడ్డు, పెదనాన్న గారిల్లు నాలుగింట్లోనూ సున్నా చేసేశాను. పెద్దింట్లో ఒక్కదాంట్లోనే గీత ఉంచాను. దాని పక్కవాళ్లందరూ -70 కంటే మెరుగ్గానే ఉన్నారు కాబట్టి వానకి కూడా బెంగ లేదు. మొదట -80 పెట్టి చూశాను, రెండో రోజే దొంగ లింకు తిరిగొచ్చింది. ఏదో ఒక మంచి క్షణంలో -79 కనబడితే చాలు, చేయి కలిపేస్తుంది, ఆ తర్వాత విడవదు. అందుకని గీతని -76కి పెంచాను.

ఇక అయిపోయిందనుకుంటే, పెద్దింటితో లింకు పోయాక షెడ్డు మేడని పట్టుకుంది! మేడ ఎత్తులో ఉంటుంది కదా, -81తో వినబడుతోంది. మేడలో కూడా అదే -76 పెట్టాక గానీ కుదుటపడలేదు. ఒక లింకు తెంచిన ప్రతిసారీ స్టేషన్ డంప్ అన్ని నోడ్లలోనూ చూడాలి, తెంచిన చోట మాత్రమే కాదు.

అసలు లాభం మాత్రం సెట్టింగుల్లో రాలేదు. పాకలో రౌటర్ రేకుల చూరు కింద ఉండేది. ఇనప రేకు కింద పెట్టి సిగ్నల్ రాలేదని ఏడవడం నా తెలివి. ప్లాస్టిక్ కరెంటు బాక్సులో పెట్టి, ఆరడుగుల జీఐ పైపుకి బిగించి, రేకు అంచు దాటేలా పైకి లేపాను. వైరు కన్నం కిందివైపే ఉంచి, చీమలు దూరకుండా సీలెంట్ పూశాను (మొదటి బాక్సులో చీమలు కాపురం పెట్టాయి). పాక–షెడ్డు -72 నుంచి -65కి వచ్చింది. నిన్న వానలో కూడా -70 కంటే కిందికి పడలేదు. ముందే ఈ పని చేసుంటే మంగళవారం బాబాయ్ చేత మాట పడేవాణ్ని కాదు.

ఇంకో చిన్న మార్పు: మల్టీకాస్ట్ రేటు 12 మెగాబిట్లకి పెంచాను. టీవీలు, ఫోన్లు "ఎవరున్నారు" అని వేసే కేకలన్నీ అట్టడుగు వేగంలో వెళ్లి గాలి తింటాయి, అవి త్వరగా అయిపోతాయని. తేడా కంటికి కనిపించేంత లేదు, అయినా ఉంచాను.

ఇప్పటి పరిస్థితి: వారం రోజుల లాగ్‌లో షెడ్డు ఒక్కసారి కూడా పాక తప్ప ఇంకో దారి పట్టలేదు. కెమెరా ఆగలేదు. నానమ్మ కొత్త ఫిర్యాదు అత్త సరిగ్గా తిండి తినడం లేదని, అది నా శాఖ కాదు.

ఈ ఏర్పాటులో ఒక లోటు ఉంది. పాక ఆగిపోతే షెడ్డుకి వేరే దారి లేదు, ఆ దారులు నేనే మూసేశాను. పాకకి ఇన్వర్టర్ లైను లాగాలి. ముప్పై మీటర్ల వైరు తెచ్చాను, పైపు కోసం ఆదివారం అమలాపురం వెళ్లాలి.