కోడ్ 92

మన దేశంలో ఉపాధి సర్వేకి వచ్చేవాళ్లు ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో అంకె వేస్తారు. సొంతంగా పని చేసుకుంటే 11. ఇంటి సేద్యంలోనో, ఇంటి దుకాణంలోనో డబ్బు తీసుకోకుండా సాయం చేస్తే 21. నెల జీతమైతే 31, రోజు కూలి అయితే 51, చదువుకుంటుంటే 91. ఇంటిపని మాత్రమే అయితే 92. దాంతో పాటు కట్టెలు ఏరుకొస్తూ, ఇంట్లోవాళ్ల బట్టలు కుడుతూ ఉంటే 93. ఈ చివరి రెండు అంకెలు పడ్డవాళ్లు శ్రామికుల లెక్కలోకి రారు. నేను లేబర్ ఎకనామిక్స్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏడేళ్లు. ఈ మధ్య ఒక విద్యార్థిని "మేడమ్, ఇన్నేళ్లూ ఆడవాళ్ల పని లెక్క అనే ఒకే విషయం పట్టుకుని ఎలా ఉన్నారు?" అని అడిగింది. అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మాది ఆర్మూర్ దగ్గర పల్లె. అమ్మ బీడీలు చుట్టేది. మా వాడలో బీడీలు చుట్టని ఇల్లు లేదు. రాత్రే తునికాకు తడిపి గుడ్డలో మూటకట్టి పెట్టేది. పొద్దున వంట చేసి, మమ్మల్ని బడికి పంపి, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేది. ఆకు మీద రేకు ముక్క పెట్టి ఆ కొలతకు కత్తిరించాలి, చిటికెడు తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. కార్ఖానాకు తీసుకెళ్తే కట్టలు తిప్పి చూసి, బాగాలేవన్నవి పక్కకు తీసేసేవాళ్లు. వాటికి డబ్బులు రావు, ఆ బీడీలూ వెనక్కి రావు. ఇచ్చిన ఆకు సరిపోకపోతే అమ్మే కొని కలపాలి. బడి నుంచి వచ్చాక ఆకు కత్తిరించే పని నాది. ఆ కత్తెర చప్పుడు ఎక్కడ విన్నా గుర్తుపడతాను.

ఎంఏ చదువుతుండగా, 1994 ఎండాకాలంలో, ఒక రీసెర్చ్ ప్రాజెక్టు కోసం ఇంటింటి సర్వేకి వెళ్లాను. రోజుకు ఇన్ని ఇళ్లు అని టార్గెట్ ఉండేది. మా జిల్లాలోనే ఒక ఊళ్లో, అరుగు మీద కూర్చున్న ఇంటి యజమాని అందరి వివరాలూ తనే చెప్పాడు. భార్య సంగతి అడిగితే "ఆమె ఏం చేస్తది, ఇంట్లనే ఉంటది" అన్నాడు. 92 వేశాను. పెన్ను ఇంకా కాగితం మీద ఉండగానే లోపలి నుంచి కత్తెర చప్పుడు వినిపించింది.

లోపలికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. చేతులు ఆపకుండానే మాట్లాడింది. రోజుకు ఎనిమిది వందల దాకా చుడుతుందట, పీఎఫ్ కార్డు మాత్రం అత్త పేరు మీద ఉందట. సాయంత్రం ఈ సంగతి సూపర్‌వైజర్‌కు చెబితే, ఇంటి పెద్ద ఏం చెబితే అది రాస్తే చాలు, ఇంకా నాలుగు ఇళ్లు మిగిలాయి అన్నారు. నేను 92 కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. చివరన ఉన్న రిమార్కుల గడిలో ఆమె చెప్పిందంతా పట్టినంత రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బీడీలు చుట్టిన తల్లి కూతురినై ఉండి కూడా నేను అరుగు దగ్గరే ఆగిపోయాను. అంతకుముందు మూడు రోజుల్లో వేసిన 92లలో ఎన్ని ఇళ్లలో లోపలికి వెళ్లి చూశాను? మర్నాడు పొద్దున్నే ఆ ఇళ్లన్నిటికీ మళ్లీ వెళ్లాను.

పీహెచ్‌డీలో చేరాక క్లాడియా గోల్డిన్ పుస్తకం చదివాను, అమెరికా స్త్రీల పని చరిత్ర మీద 1990లో వచ్చినది. హార్వర్డ్ ఎకనామిక్స్ విభాగంలో శాశ్వత ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ ఆమే. మైక్రోబయాలజీ చదవాలని కార్నెల్‌లో చేరి ఎకనామిక్స్‌కు మళ్లారు, 1972లో షికాగోలో పీహెచ్‌డీ చేశారు. పాత లెక్కను ఆమె సరిదిద్దిన తీరు నన్ను కట్టిపడేసింది. అమెరికా పాత జనాభా లెక్కల్లో పెళ్లైన స్త్రీకి వృత్తి గడిలో చాలాచోట్ల "భార్య" అని రాసి వదిలేశారు. భర్తతో సమానంగా పొలంలో పనిచేసినా, ఇంట్లో కూర్చుని నేత నేసినా అంతే. గోల్డిన్ పరిశ్రమల లెక్కలు, ఎవరి రోజు ఎలా గడిచిందో చెప్పే పాత సర్వేలు వెతికి తీసి కలిపి చూశారు. 1890ల నాటికి పనిచేస్తున్న పెళ్లైన స్త్రీలు, జనాభా లెక్కలు చెప్పినదానికి దాదాపు మూడు రెట్లు తేలారు. ఆ పేజీలు చదువుతుంటే ఆ పల్లెలోని అరుగే కళ్ల ముందు ఉంది. 2023 అక్టోబరు 9న ఆమెకు నోబెల్ ప్రకటించారు. ఎకనామిక్స్‌లో ఒక మహిళకు ఇంకెవరితోనూ పంచుకోకుండా అది రావడం అదే మొదటిసారి. వెంటనే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

మన దగ్గరికొస్తే, కొత్త ఉపాధి సర్వే మొదలైన 2017-18లో పదిహేనేళ్లు నిండిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 23.3 శాతం. 2023-24కి అది 41.7 శాతం అయింది. పేపర్లలో పెద్ద వార్త. లెక్కలోకి రానివాళ్లు వస్తున్నారంటే నాకు సంతోషమే. కానీ అదే కాలంలో, పనిచేసే ఆడవాళ్లలో స్వయం ఉపాధి వాటా 51.9 నుంచి 67.4 శాతానికి చేరింది. చేతికి రూపాయి రాని 21 కోడ్ వాళ్లు కూడా అందులోనే ఉన్నారు. కొంత నిజంగా పని దొరికి ఉంటుంది, కొంత అడిగే తీరు మెరుగుపడి ఉంటుంది, కొంత ఇల్లు గడవక అయి ఉంటుంది. ఈ మూడింటినీ విడదీయకుండా పండగ చేసుకోవడం నాకు చేతకాదు.

ఇక 92 తీసేసి బీడీ చుట్టే ఆమెను లెక్కలోకి తెచ్చామే అనుకోండి, ఆమెకు ఏ అంకె వేయాలి? సర్వే నిర్వచనం ప్రకారం, సరుకు తెచ్చుకుని ఇంట్లో చేసిచ్చేవాళ్లు స్వయం ఉపాధి కిందికి వస్తారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో వాళ్ల ఇష్టం కాబట్టి 11 అంటారు. ఆకు, తంబాకు కంపెనీ ఇస్తుంది. వెయ్యికి ఇంత అని రేటు కంపెనీ చెబుతుంది. పనికిరావని తీసేసేదీ కంపెనీయే. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లను కూడా ఉద్యోగులుగానే చూసింది. చట్టం ఉద్యోగి అన్న మనిషిని లెక్క స్వయం ఉపాధి అంటోంది. దీనిమీద నేను రాసినన్ని పేపర్లు ఇంకే విషయం మీదా రాయలేదు. మా విద్యార్థులు సర్వేకి వెళ్లేముందు నేను పట్టుబట్టి చేర్పించే ప్రశ్నలు రెండు: ముడిసరుకు ఎవరిది, రేటు ఎవరు చెబుతారు. ఇంకో మాట కూడా చెప్పి పంపుతాను, అరుగు మీద ఆగొద్దని.

నిజానికి 92 కూడా పనే. రోజులో ఏ పనికి ఎంత సమయం పోతుందో అడిగే 2024 టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద పెట్టే సమయం రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్లది 88 నిమిషాలు.

పోయిన దసరాకి ఊరికి వెళ్లాను. అమ్మ బీడీలు మానేసి చాలా ఏళ్లైంది, బొటనవేలు వంకరపోయింది, బీడీ పింఛన్ వస్తోంది. నా బ్యాగులో పాత సర్వే ఫారం ఒకటి ఉంది. అందులో వారానికి ఏడు గడులు. రోజంతా పని అయితే 1, సగం రోజైతే 0.5. నేను ఏడో తరగతి చదివినప్పటి ఒక వారం గుర్తు చేసుకోమని అడిగితే, "నేనేం పని చేసిన బిడ్డా, ఇంట్లనే ఉంటి గదా" అంది. నాకు గుర్తున్నంత వరకు నేనే నింపి చదివి వినిపించాను. సోమవారం సగం అన్నాను.

"సగమెందుకు? నిండుగ రాయి. నీకు జరమొచ్చిన దినం సుత పక్కన పండబెట్టుకుని చుట్టిన."

కొట్టేసి 1 రాశాను. శనివారం నిండుగా ఉందంటే వద్దంది, ఆ రోజు అంగడికి పోయేదట, సగమే రాయమంది. ఆదివారం గడి నేను ఖాళీగా వదిలేశాను.

"ఐతారం ఏది బిడ్డా? తలకు పోసుకుని మళ్ల కూసుంటుంటి. రాయి."