ఎండుగడ్డి కోసం హిరమండలం దాకా

సంక్రాంతి దాటితే గడ్డి ధర పెరిగిపోతుందని, డిసెంబరులోనే బేరం కుదుర్చుకుని రమ్మని నన్నూ మా బావనూ ఇంట్లోవాళ్లు తోలేశారు. శ్రీకాకుళంలో టీ తాగి బైకెక్కాం. ఆమదాలవలస, సరుబుజ్జిలి, హిరమండలం. ఆ రోడ్డు సంగతి నా నడుమునడగండి.

"కాలవ కింద పల్లానికే పోదాం. నీళ్లున్న చోటే గడ్డుంటాది" అన్నాడు బావ. నాదీ అదే లెక్క.

గొట్టా బ్యారేజీ నీళ్లు పారే ఊళ్లో ఆగాం. ధాన్యం బాగానే పండింది. మడిలో దిగితే మాత్రం మోళ్లు మోకాటి దాకా ఉన్నాయి. మిషన్ కోత! అది వెన్నులు అందినంత మేర కోసుకుని, నలిగిన గడ్డిని వెనక వరసగా పోసి పోతుంది. యూరియా ఎక్కువైన ఒక మడి పడిపోయింది కూడా. అక్కడ గుప్పెడు గడ్డి తీసి విరిస్తే పైన పెళపెళలాడింది, లోపల చెమ్మ. బావ వాసన చూసి పారేశాడు. ఇలా కుప్ప వేస్తే లోపల వేడెక్కి బూజు పట్టడం ఖాయం.

"కొడవలితో కోయించలేదేం?" అన్నాను.

"మనుషులేరీ బాబూ? కూలిచ్చి కోయిస్తే గెడ్డి మిగుల్తాది, నాను మిగల్ను" అన్నాడు రైతు.

కాలవ శివారుకు వెళ్లాం. నీళ్లు ఆలస్యంగా అంది పైరు సరిగా పిలకలు వేయలేదు. పేరుకే ఆయకట్టు.

మధ్యాహ్నానికి కొత్తూరు వైపు, వానాధారం పొలాల్లోకి. వేసింది 120 రోజుల వరి, ఎంటీయూ 1010. అసలే పొట్టి రకం, పిలకల వేళ వాన మొహం చాటేసిందట, ఇంకా గిడసబారింది. ఎకరానికి పెరిగిన గడ్డి పల్లంలో కంటే తక్కువే, సందేహం లేదు. కానీ నేలబారుగా కోసి, పనలు ఎండబెట్టి, కళ్లంలో నూర్చారు. పెరిగిందంతా ఇంటికి చేరింది. గడ్డి నలగకుండా, పసుపుపచ్చగా, చేత్తో తడిమితే దుమ్ము కూడా రాలనంత శుభ్రంగా ఉంది. కాలవ కింద సగం మోళ్లలోనే ఉండిపోయిందని బావ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆ ఇంటి ముసలమ్మ పశువుల సాల పక్కనున్న చోడిగడ్డి, అంటే రాగిగడ్డి, చూపించింది. "ఇది ఏసినావంటే ఆవు వరిగెడ్డి మొకం సూడదు నాయనా." చోడిగడ్డి వరిగడ్డి కంటే బాగా అరుగుతుందని చదివాను గానీ, ఆమె మాటంత నమ్మకం కలగలేదు.

వరిగడ్డికి బయానా ఇచ్చి, చోడిగడ్డి మోపొకటి, వరిగడ్డి కట్టొకటి బైక్ వెనక కట్టుకున్నాం. ఆమదాలవలసలో మళ్లీ టీకి ఆగాం. తిరిగొచ్చేసరికి ఊరావొకటి చోడిగడ్డి సగం లాగేసింది. వరిగడ్డి కట్ట కట్టినట్టే ఉంది.