ఇద్దరు పట్టే కుర్చీ

వాడుక తెలుగులో మంచుకు ఉన్నది ఒకే మాట. ధనుర్మాసపు తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకొనేదీ మంచే, గడ్డిపరక కొసన నిలిచే బొట్టూ మంచే, సోడా బండివాడు సుత్తితో కొట్టి ఇచ్చే ముక్కా మంచుగడ్డే. నిఘంటువులో హిమం, తుహినం, తుషారం, నీహారం ఉన్నాయి గాని, తెనాలి దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన నాకు పద్యాల్లో తప్ప వాటితో పని పడలేదు. అటువంటి నా ఇంట్లో ఇప్పుడు నేల మీది మంచుకు అరడజను తెలుగు పేర్లు వాడుకలో ఉన్నాయి. అవి ఏ బడిలోనూ నేర్చినవి కావు. అమెరికాలో పశ్చిమ మసాచుసెట్స్‌లోని బ్లాండ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో, 2020లో మూతపడిన పలకల్లాంటి స్కీలు కాళ్ళకు కట్టుకొని మంచు మీద జారే ఒక స్కీ కొండ మీద, నా పిల్లలిద్దరూ నేనూ కలిసి పెట్టుకున్నవి.

ఆ కొండ గొప్పదేమీ కాదు. శిఖరం నుంచి అడుగు వరకు దిగుడు 465 అడుగులు. అలవాటైనవాళ్ళు రెండు మూడు నిమిషాల్లో జారి కిందికి వచ్చేస్తారు. అయితే దానికి వయసు ఉంది. 1934 జనవరిలో వెర్మాంట్‌లోని వుడ్‌స్టాక్ దగ్గర ఒక రైతు పచ్చికకొండ మీద ఫోర్డ్ మోడల్ టీ ఇంజనుతో తాడును తిప్పి, ఆ తాడు పట్టుకొన్నవాళ్ళను పైకి లాగించారు. అమెరికాలో అటువంటి ఏర్పాటు అదే మొదటిది. ఆ తరువాత రెండేళ్ళకే, 1936లో, స్ప్రింగ్‌ఫీల్డ్ స్కీ క్లబ్ వారు బ్లాండ్‌ఫర్డ్‌లో తమ కొండను మొదలుపెట్టారు. ఏ కంపెనీదీ కాకుండా, ఎనభై ఏళ్ళ పాటు అది ఆ క్లబ్బు సభ్యులదిగానే నడిచింది. మేము అక్కడికి వెళ్ళిన రోజుల్లో ఈ చరిత్ర ఏదీ మాకు తెలియదు. ఇంటికి దగ్గర, ఖర్చు తక్కువ, మన డబ్బా మనం తెచ్చుకొని లోపల కూర్చొని తింటే కసిరేవారు లేరు. మాకు తెలిసింది అంతే.

2009 శీతాకాలంలో, మా అబ్బాయికి ఏడేళ్ళప్పుడు, వాడి తరగతిలో సగం మంది స్కీయింగ్ నేర్చుకొంటున్నారని గొడవ మొదలైంది. మాకు కుదిరేది ఆదివారం ఉదయం ఒక్కటే. తెలుగు తరగతి జరిగేదీ అప్పుడే. ఈ దేశంలో పిల్లలను పెంచుతున్న తెలుగువారిలో ఆదివారం ఉదయాన్ని ఎవరికి అప్పగించాలన్న తగవు పడని ఇల్లు ఉంటుందని నేను అనుకోను. మా ఇంట్లో నెల రోజులు పడ్డాము. చివరకు జనవరి నుంచి మార్చి వరకు కొండ, మిగిలిన నెలల్లో తెలుగు బడి అని ఒప్పందం చేసుకొన్నాము. మంచులో జారడం కోసం భాషను మాన్పించిన తల్లిగా నాకు మా వాళ్ళలో కొంత పేరు వచ్చింది. ఆ మాటలో పూర్తి అబద్ధమూ లేదు. మా పిల్లలకు ఈనాటికీ ఒత్తులున్న మాటలు కూడబలుక్కొని చదవవలసిందే, గుణింతం తప్పకుండా రాయడం రాదు. ఆ నష్టాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

కొండ మీద నేను ఉండవలసిన పని లేదనుకొన్నాను. వాడిని శిక్షకులకు అప్పగించి, అద్దాల వెనుక వెచ్చగా కూర్చొని, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ చూద్దామన్నది నా ఆలోచన. రెండో వారం పాఠం ముగిశాక వాడు నా దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మా, కుర్చీ ఎక్కాలంటే నాకు భయమేస్తోంది, వాళ్ళకి చెప్పకు" అన్నాడు. కుర్చీ అంటే, తాడుకు వేలాడుతూ మనుషులను కొండ పైకి చేర్చే లిఫ్ట్ కుర్చీ. ఇంట్లో మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం అప్పటికే అలవాటు చేసుకొన్న పిల్లవాడు, ఎవరికీ తెలియకూడని మాట చెప్పవలసి వచ్చేసరికి, ఎవరికీ అర్థం కాని భాషను వెదుక్కొన్నాడు. ఆ మాటకు నేను కరిగిపోయి, ముప్ఫై ఆరేళ్ళ వయసులో అద్దె బూట్లు బిగించుకొన్నాను. ఆ బూట్లతో నడవడం సిమెంటు ఆరకముందే అందులో కాళ్ళు దిగేసినవారికి తెలియాలి. మొదటిసారి పైన కుర్చీ దిగేటప్పుడు పడిపోతే, కుర్చీలు నడిపే కుర్రవాడు మొత్తం లిఫ్ట్ ఆపి నన్ను లేవదీయవలసి వచ్చింది. వెనుక కుర్చీల్లో గాలిలో వేలాడుతున్నవారు ఎవరూ విసుక్కోలేదు. చిన్న కొండ మీద అందరూ ఎప్పుడో ఒకప్పుడు అలా పడినవారే కనుక కాబోలు.

ఆ కుర్చీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది ఇద్దరు మాత్రమే పట్టే పాతకాలపు కుర్చీ. తాడుకు శాశ్వతంగా బిగించి ఉంటుంది కనుక ఎక్కేచోటా దిగేచోటా కూడా అదే వేగంతో కదులుతుంది. మనుషులు దాని మీద కూర్చోగలిగేటంత నెమ్మదిగానే దాన్ని నడపాలి. పైకి చేరడానికి ఆరేడు నిమిషాలు పట్టేది. కారులో పిల్లలు వెనుక సీట్లో ఉంటారు, వారికి నా జడ తప్ప ముఖం కనిపించదు, చెవుల్లో పాటలు ఉంటాయి. భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చొంటాము గాని, ఏది అడిగినా అది విచారణలా వినిపిస్తుంది. కుర్చీలో అలా కాదు. పక్కపక్కన కూర్చొని ఇద్దరమూ ముందుకే చూస్తాము. చేతులకు మందపు తొడుగులు ఉంటాయి కనుక ఫోను తీయడం కుదరదు. దిగి పారిపోవడానికి దారి లేదు. ముందు కుర్చీలోనూ వెనుక కుర్చీలోనూ మనుషులు ఉన్నా, మన మాట వారికి అర్థం కాదు. ఒక్కో ఆదివారం పది పన్నెండు సార్లు పైకి వెళ్ళేవాళ్ళము. కలిపి చూస్తే గంటకు పైగా తెలుగు. భయంతో మొదలైన ఆ తెలుగు క్రమంగా పాఠం చెప్పే మనిషి మీసాల మీదికి, తరగతిలో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారన్న సంగతుల మీదికి పాకింది. వాడు పదేళ్ళవాడయ్యేసరికి మా ఐదేళ్ళ అమ్మాయి కూడా ఆ కుర్చీలో నా పక్కకు చేరి, అన్న మీద చాడీలు తెలుగులో చెప్పడం నేర్చుకొంది.

మంచుకు పేర్లు పుట్టింది అక్కడే. స్కీయింగ్ చేసేవారికి కింద ఉన్న మంచు ఎటువంటిదో తెలియడం ముఖ్యం. కాళ్ళ బిగింపు, మలుపు తిప్పే తీరు దాన్ని బట్టే మారతాయి. శిక్షకులు చిన్నపిల్లలకు స్కీల ముందు కొనలు దగ్గరకు చేర్చి వేగం తగ్గించడాన్ని పిజ్జా అని, రెండూ సమంగా నిలపడాన్ని ఫ్రెంచ్ ఫ్రైస్ అని నేర్పుతారు. తిండి పేర్లతో పాఠం చెప్పవచ్చన్న సంగతి మావాడికి అలా తెలిసింది. కొత్తగా కురిసిన, నోటితో ఊదితే ఎగిరిపోయే మంచు విభూతి. యంత్రంతో చల్లింది బొంబాయి రవ్వ. మార్చి ఎండకు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్ళీ పొద్దున విడివడిన గుండ్రటి పలుకులు ఇడ్లీ రవ్వ. పెద్ద పెద్ద రేకులుగా పడేది అటుకులు. కిందిది మెరుస్తూ స్కీ అంచు దిగకపోతే గాజు. ఇక బరువుగా, తడిగా కాళ్ళకు అంటుకొనే మంచుకు పేరు పెట్టింది మా అమ్మ. 2013లో మా దగ్గరకు వచ్చినప్పుడు ఒక ఆదివారం ఆమెను తీసుకువెళితే, "డబ్బు కట్టి మరీ కాళ్ళు విరగ్గొట్టుకోవడమేమిటే!" అని గంటసేపు సణిగి, బయటకు వచ్చి గుప్పెడు మంచు తీసుకొని పిసికి, "ఇది అచ్చం చలిమిడిలా ఉందే" అంది. అందులో చలి కూడా ఉంది కదా అని మావాడు ఆ మాటను అప్పటికప్పుడే ఖాయం చేశాడు.

బొంబాయి రవ్వ మా నోళ్ళలో ఎక్కువగా నలగడానికి కారణం ఉంది. ఆకాశం నుంచి పడే మంచును మాత్రమే నమ్ముకొంటే ఈ ప్రాంతంలో ఏ కొండా బతకదు. 1950లో మా పొరుగున ఉన్న కనెక్టికట్‌లో ముగ్గురు స్కీల తయారీదారులు, అమ్మకాలు లేక విసిగి, నీటిని గాలి ఒత్తిడితో చిమ్మి మంచు తయారుచేసే యంత్రాన్ని కనిపెట్టారు. సన్నటి నీటి తుంపరలు నేలకు చేరేలోగా గడ్డకట్టాలి కనుక, గాలి చల్లగా ఉంటేనే చాలదు, పొడిగా కూడా ఉండాలి. తేమ ఎక్కువగా ఉన్న రాత్రి, ఉష్ణమాపి సున్నా డిగ్రీలు చూపించినా ఆ యంత్రం చిమ్మేది ఉత్త వాన. దీనికి నీరు కావాలి, పంపులు కావాలి, రాత్రంతా మేలుకొనే మనుషులు కావాలి, కరెంటో డీజిలో కావాలి. అన్నింటికన్నా ముందు చలి రాత్రులు కావాలి. 2011 అక్టోబరు చివర అకాలపు మంచుతుపాను పడి, ఆకులు ఇంకా రాలని చెట్లు కరెంటు తీగల మీద విరిగిపడి మేమంతా రోజుల తరబడి చీకట్లో ఉన్నాము. అంత ముందుగా మంచు పడింది కనుక ఆ ఏడు కొండకు ఇక తిరుగు లేదనుకొన్నాము. కాని తరువాత వచ్చినది మాకు గుర్తున్నంతలో మంచు దాదాపు లేని, వెచ్చని శీతాకాలం. గోధుమరంగు గడ్డి మధ్య వెడల్పాటి తెల్లని పట్టీ ఒకటి కొండ మీద పరచినట్టు ఉండేది, దాని మీదే అందరమూ వరుసగా దిగేవాళ్ళము. అప్పటికి తొమ్మిదేళ్ళున్న మావాడు కుర్చీలోంచి దాన్ని చూసి, "కొండకు నామం పెట్టారు" అన్నాడు.

2017లో క్లబ్బు ఆ కొండను అమ్మింది. అక్కడికి కొద్ది దూరంలో మరో స్కీ కొండను నడుపుతున్న కుటుంబం దాన్ని కొని మూడు శీతాకాలాలు నడిపింది. 2020 వేసవిలో ఇక తెరవబోమన్న కబురు వచ్చింది. ఆ సంవత్సరం అన్ని దుర్వార్తలనూ మహమ్మారి ఖాతాలో వేసే అలవాటు అందరికీ ఉండేది గాని, చిన్న కొండల కథ అంతకన్నా పాతది. 1980ల తొలినాళ్ళలో అమెరికాలో ఏడు వందలకు పైగా స్కీ కొండలు ఉండేవి. ఇప్పుడు ఐదు వందలు కూడా లేవు. మా రాష్ట్రం ఉన్న ఈశాన్య ప్రాంతం న్యూ ఇంగ్లండ్‌లో మూతపడినవాటిని లెక్కగట్టి నమోదు చేసే పనినే కొందరు పెట్టుకొన్నారు, ఆ జాబితా వందల్లో ఉంది. మంచు యంత్రాల ఖర్చు, బీమా, తగ్గుతున్న చలి రాత్రులు ఒకవైపు. ఒకే పాసుతో డజన్ల కొద్దీ పెద్ద కొండలకు వెళ్ళే వీలు మరోవైపు. పిల్లలకు స్కీయింగ్ నేర్పేది చిన్న కొండ, నేర్చినవారి డబ్బు తీసుకొనేది పెద్ద కొండ. ఈ ఏర్పాటులో ఎవరు నిలుస్తారో ఊహించడానికి పెద్ద లెక్కలు అక్కరలేదు.

మా ఇంట్లో దాని దెబ్బ తగిలింది మా అమ్మాయికి. అబ్బాయి ఆ శరదృతువులోనే కాలేజీకి వెళ్ళిపోయాడు. దానికి అప్పుడు పదమూడేళ్ళు, తల్లితో మాట్లాడటం ఎలాగూ తగ్గే వయసు. మేమూ అందరిలాగే పాసు కొని ఉత్తరాన ఉన్న పెద్ద కొండలకు వెళ్ళాము. అక్కడి కుర్చీలు ఎక్కేచోట తాడును వదిలి నెమ్మదించి, ఎక్కగానే మళ్ళీ తాడును పట్టుకొని, పాత కుర్చీకి రెట్టింపు వేగంతో పోతాయి. బ్లాండ్‌ఫర్డ్‌లాంటి కొండను ఒకసారి ఎక్కే సమయంలో దానికి రెట్టింపు దూరం పైకి పోతాము. కాని ఆ కుర్చీలో నలుగురో ఆరుగురో కూర్చొంటారు. నా పక్కన కూతురు, దాని పక్కన ఎవరో అపరిచితుడు. అతడు మర్యాదగా ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతాడు, మేము ఇంగ్లీషులో చెబుతాము, మాటలు అక్కడితో ఆగుతాయి. పరాయి మనిషి పక్కనుండగా అతనికి తెలియని భాషలో మాట్లాడుకోవడం అమర్యాద అని నేనే దానికి చిన్నప్పుడు నేర్పాను. నేర్పిన పాఠం అంత బాగా వంటబట్టినందుకు నాకు అంతగా బాధ కలిగిన సందర్భం మరొకటి లేదు. మూడేళ్ళ పాటు అది నాతో తెలుగులో మాట్లాడింది దాదాపు లేదు. తెలుగు బడిలో ఉంచేసి ఉంటే ఇలా జరిగేది కాదని మా ఆయన ఒకసారి అన్నారు. కావచ్చు. అయితే అది చదవడం నేర్చేదేమో గాని, అన్న మీద చాడీలు ఏ భాషలో చెప్పేదో నేను చెప్పలేను.

కిందటేడు దానికి వెర్మాంట్‌లో కాలేజీ సీటు వచ్చింది. జనవరిలో ఒక ఆదివారం, నేను వంటింట్లో ఉండగా, దాని నుంచి సందేశం వచ్చింది. ఫొటో లేదు, పలకరింపు లేదు. గుణింతం తప్పులతో, తెలుగు లిపిలో, మూడు మాటలు: "అమ్మ. ఇవాల విబూది."

నేను చేయి తుడుచుకొని, కిటికీలోంచి మా పెరట్లోకి చూసి జవాబు రాశాను: "ఇక్కడ గాజు. మధ్యాహ్నానికి అక్కడ చలిమిడి అవుతుంది, ఈలోగా దిగెయ్."